తుమ్ములు ఆగాలి, నిద్ర రాకూడదు: ఏ అలర్జీ మాత్ర ఎవరికి?

మెడికల్ షాపు ముందు నిలబడి "అన్నా, తుమ్ములకి ఏదైనా ఇవ్వు, నిద్ర రానిది" అని అడిగి చూడండి. చాలాసార్లు చేతికొచ్చేది సిట్రజిన్. షాపతను కాస్త ఎక్కువ శ్రద్ధ తీసుకుంటే మాంటెలుకాస్ట్, లివోసిట్రజిన్ కలిపిన మాత్ర ఇస్తాడు. రెండూ పాతకాలం మాత్రలకంటే నయమే, కాదనను. కానీ మనం అడిగింది నిద్ర రానిది, అతను ఇచ్చింది నిద్ర తక్కువ వచ్చేది. మధ్యాహ్నం మీటింగులో ఆవలింతలు ఆపుకుంటున్నప్పుడు, ఫ్లైఓవర్ మీద బండి నడుపుతున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

నాకు డస్ట్ అలర్జీ పన్నెండేళ్ళుగా ఉంది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా బైకు మీద వెళ్ళి రావాలి, దారంతా ఎక్కడో ఒకచోట తవ్వకాలే. కొన్నేళ్ళ క్రితం ఒకరోజు పొద్దున్నే ముక్కు కారుతుంటే ఇంట్లో ఉన్న జలుబు మాత్ర ఒకటి వేసుకుని బయల్దేరాను. ఒక సిగ్నల్ దగ్గర వెనకనుంచి హారన్లు మోగితే గానీ నా కళ్ళు మూతపడ్డాయని నాకు తెలియలేదు. బండి ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి స్ట్రిప్ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివితే పారాసిటమాల్, ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ అని మూడు ఉన్నాయి. నిద్ర తెప్పించింది ఆ మూడోది. అప్పటినుంచి ఏ స్ట్రిప్ అయినా ముందు వెనక్కి తిప్పి చూడటం అలవాటైంది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటారంటే ఇదే పెట్టుకోండి: ముందున్న పెద్ద పేరు కంపెనీది, వెనకున్న చిన్న పేరే మందుది.

నిద్ర ఎందుకొస్తుంది

దుమ్మో పుప్పొడో ముక్కులోకి పోగానే, అలర్జీ ఉన్నవాళ్ళ ఒంట్లో కొన్ని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. తుమ్ములు, నీళ్ళలా ముక్కు కారడం, కళ్ళ దురద, ఒంటిమీద దద్దుర్లు, వీటన్నిటి వెనక ఉన్నది అదే. యాంటీహిస్టమిన్ మాత్ర ఆ హిస్టమిన్ వెళ్ళి కూర్చునే చోటు దాన్ని కూర్చోనివ్వదు, అంతే దాని పని. ఇబ్బంది ఏంటంటే ఇదే హిస్టమిన్ మెదడులో ఇంకో ఉద్యోగం చేస్తుంది, మనల్ని మెలకువగా ఉంచుతుంది. మాత్ర మెదడులోకి కూడా దూరిందంటే తుమ్ములతోపాటు మెలకువ కూడా పోతుంది.

పాతతరం మందులు, అంటే క్లోర్‌ఫెనిరమిన్, అవిల్‌లో ఉండే ఫెనిరమిన్, దగ్గు సిరప్పుల్లో కలిపే డైఫెన్‌హైడ్రమిన్, దురదలకి రాసే హైడ్రాక్సిజిన్, ఇవన్నీ మెదడులోకి సులువుగా వెళ్ళిపోతాయి. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం వాళ్ళు మెదడు లోపల మందు ఎక్కడ చేరిందో చూపించే పెట్ స్కాన్ తీసి, ఏ మాత్ర మెదడులో ఎన్ని హిస్టమిన్ స్థానాలను ఆక్రమిస్తోందో లెక్కపెట్టారు. క్లోర్‌ఫెనిరమిన్ రకం మందు చిన్న డోసుకే సుమారు సగం స్థానాలను పట్టేసింది. సిట్రజిన్ 10 మిల్లీగ్రాములకి ఎనిమిదో వంతు వరకు పట్టింది. ఫెక్సోఫెనడిన్‌కి దాదాపు సున్నా. అది మెదడు గడప తొక్కబోతే అక్కడున్న ఒక పంపు లాంటి ప్రోటీన్ పట్టుకుని బయటికి తోసేస్తుంది.

ఇంకొక సంగతి, నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. 2000లో అమెరికాలోని అయోవాలో 40 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి ఒకసారి డైఫెన్‌హైడ్రమిన్, ఒకసారి ఫెక్సోఫెనడిన్, ఒకసారి ఆల్కహాల్, ఒకసారి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి నడపమన్నారు. డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నప్పుడు వాళ్ళు తాగి నడిపినప్పటికంటే అధ్వాన్నంగా నడిపారు. ఫెక్సోఫెనడిన్ వేసుకున్నప్పుడు ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా కనిపించలేదు. అసలు విషయం వేరే ఉంది: "నీకెంత నిద్రొస్తోంది" అని అడిగినప్పుడు వాళ్ళు చెప్పిన జవాబుకీ, వాళ్ళు బండి ఎంత పాడుగా నడిపారన్నదానికీ పెద్దగా పొంతన లేదు. అంటే "నాకేం మగతగా లేదు, నేను బానే ఉన్నా" అనే మాటని నమ్మడానికి లేదు, ఆ మాట అనేది మనమే అయినా సరే.

సిట్రజిన్, లివోసిట్రజిన్: చవక, చురుకు, కాస్త మబ్బు

సిట్రజిన్ ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దాని గుణం అర్థమవుతుంది. హైడ్రాక్సిజిన్ అని ఇందాక చెప్పిన పాత మందుని మన ఒళ్ళు విరగ్గొడితే వచ్చే ముక్క ఇది. తల్లిది బాగా నిద్రమొహం, పిల్లకి ఆ పోలిక కొద్దిగా మిగిలింది. పెద్దవాళ్ళకి రోజుకి 10 మిల్లీగ్రాములు ఒకటి. గంటలోపే పనిచేయడం మొదలెడుతుంది, దద్దుర్లకీ దురదకీ గట్టిగా పనిచేస్తుంది, రేటు చూస్తే పది మాత్రల స్ట్రిప్ ఒక కప్పు కాఫీ ఖరీదు మాత్రమే. అందుకే ప్రతి ఇంట్లో ఉంటుంది, ఉండటం మంచిదే కూడా.

మరి నిద్ర? అమెరికా లేబుల్‌లో రాసిన లెక్క ప్రకారం 10 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో నూటికి 14 మందికి మగత వచ్చింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో ఆరుగురికి వచ్చింది. అంటే ఎక్కువమందికి ఏమీ కాదు. మీరు ఆ ఎక్కువమందిలో ఉన్నారా, మిగిలినవాళ్ళలో ఉన్నారా అన్నది మీరే వేసుకుని చూసుకోవాలి. మా తమ్ముడు పొద్దున సిట్రజిన్ వేసుకుని రోజంతా సైట్లో నిలబడి పని చేయిస్తాడు. నేను వేసుకుంటే మధ్యాహ్నం రెండింటికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. ఒకే ఇల్లు, ఒకే రక్తం, అయినా అంతే.

లివోసిట్రజిన్ అంటే ఇదే మందులో పనిచేసే సగం. కుడిచెయ్యి ఎడమచెయ్యి లాగా సిట్రజిన్‌లో ఒకదానికొకటి అద్దంలో బొమ్మలాంటి రెండు రూపాలుంటాయి, అందులో పనికొచ్చేదాన్ని విడదీసి 5 మిల్లీగ్రాములుగా అమ్ముతున్నారు. నిద్ర కొంచెం తక్కువ అంటారు, నూటికి ఆరుగురు, ఉత్తుత్తి మాత్రకి ఇద్దరు అని దాని లేబుల్ లెక్క. కానీ ఈ రెండు లేబుళ్ళ అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, ఎందుకంటే మనుషులు వేరు, అధ్యయనాలు వేరు. నా అనుభవంలో ఈ రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. లివోసిట్రజిన్ రాత్రి పడుకోబోయేముందు వేసుకోమని రాయడంలోనే సంగతి ఉంది. రాత్రి వేసుకుంటే మగత వచ్చినా నిద్రలోనే గడిచిపోతుంది, తెల్లవారేసరికి తుమ్ములు అదుపులో ఉంటాయి. పొద్దున లేవగానే వరసబెట్టి పదిహేను తుమ్ములు తుమ్మే బ్యాచ్‌కి ఇది బాగా కుదురుతుంది.

ఒక హెచ్చరిక. 2025 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మాట చెప్పింది: ఈ రెండు మందుల్ని నెలల తరబడి, ఏళ్ళ తరబడి రోజూ వాడి ఒక్కసారిగా ఆపేసిన కొందరికి భరించలేనంత దురద వస్తోందని. అరుదే. కానీ మన దగ్గర డాక్టర్ ఐదు రోజులకి రాసిన చీటీతో ఐదేళ్ళు కొనుక్కునేవాళ్ళు ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. అలా రోజూ వాడుతూ ఉంటే ఆపేముందు డాక్టర్‌ని ఒకసారి అడగండి, దురద మొదలైతే అది పాత అలర్జీ తిరగబెట్టిందని మీకు మీరే అనేసుకోకండి.

ఫెక్సోఫెనడిన్: బండి నడిపేవాళ్ళ మాత్ర, కానీ జ్యూస్ పడదు

నేను చివరికి వచ్చి ఆగింది దీని దగ్గరే, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. అల్లెగ్రా అని చాలామందికి తెలిసిన పేరు.

దీని పుట్టుక కథ బాగుంటుంది. నిద్ర రాని మొదటి అలర్జీ మాత్రగా టెర్ఫెనడిన్ అనే మందు 1985లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చి విపరీతంగా అమ్ముడైంది. తర్వాత కొందరికి గుండె లయ తప్పుతోందని బయటపడింది, ముఖ్యంగా దాంతోపాటు ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, కీటోకొనజోల్ లాంటి ఫంగస్ మందు వాడినవాళ్ళకి. ఎందుకంటే మామూలుగా టెర్ఫెనడిన్ మింగగానే కాలేయం దాన్ని దాదాపు పూర్తిగా వేరే పదార్థంగా మార్చేస్తుంది. ఆ మందులు కాలేయాన్ని ఆ పని చేయనివ్వకపోతే టెర్ఫెనడిన్ అలాగే రక్తంలో మిగిలిపోయి గుండె మీద పడేది. తమాషా ఏంటంటే అలర్జీని తగ్గిస్తున్నది టెర్ఫెనడిన్ కాదు, కాలేయం మార్చిన ఆ వేరే పదార్థమే. దాన్నే నేరుగా మాత్రగా చేశారు, అదే ఫెక్సోఫెనడిన్, 1996లో అనుమతి వచ్చింది. పాతది మార్కెట్ నుంచి తప్పుకుంది.

మన దగ్గర 120, 180 మిల్లీగ్రాములుగా దొరుకుతుంది. తుమ్ములకి 120, దద్దుర్లకి 180 అని మామూలుగా రాస్తుంటారు. నిద్ర విషయంలో దీన్ని కొట్టేది లేదనే చెప్పాలి. విమానాలు నడిపేవాళ్ళ విషయంలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పాటించే నియమం చూస్తే చాలు: ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్, డెస్లోరాటడిన్ తమకి పడుతున్నాయని ముందే చూసుకుని వాడొచ్చు, సిట్రజిన్, లివోసిట్రజిన్ వేసుకుని మాత్రం విమానం నడపకూడదు. పైలట్‌కి పనికిరానిది ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో వెళ్ళేవాడికి ఎలా పనికొస్తుంది?

అయితే ఈ మాత్రకి తిండీ తిప్పల దగ్గర బోలెడు పట్టింపులు. నారింజ, యాపిల్, గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్‌తో వేసుకుంటే పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కేది బాగా తగ్గిపోతుంది. మన బత్తాయి, అనంతపురం వాళ్ళ చీనీ కూడా తీపి నారింజ జాతివే కాబట్టి వాటినీ ఆ లెక్కలోనే వేసుకోండి. పొద్దున మాత్ర వేసుకుని, దారిలో బండి దగ్గర పెద్ద గ్లాసు బత్తాయి జ్యూస్ తాగి, "ఈ అల్లెగ్రా నాకు పనిచేయట్లేదు బాస్" అన్నాడొక కొలీగ్. పనిచేయకపోవడం దాని తప్పు కాదు. మంచినీళ్ళతో వేసుకోండి, జ్యూస్ తాగాలనుంటే కొన్ని గంటలు ఆగి తాగండి. అలాగే కడుపు మంటకి వాడే జెలుసిల్, డైజిన్ లాంటి యాంటాసిడ్లు, వాటిలో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం కూడా దీన్ని అడ్డుకుంటాయి. వాటికీ దీనికీ కనీసం రెండు గంటల తేడా పెట్టాలి. మన కారాలకి ఈ రెండూ ఒకే ఇంట్లో ఒకే డబ్బాలో ఉండటం మామూలే కదా.

సిట్రజిన్‌తో పోలిస్తే రేటు కొన్ని రెట్లు ఎక్కువ, అది నిజం. జెనరిక్ అడగండి, జన ఔషధి కేంద్రం దగ్గర్లో ఉంటే అక్కడ చూడండి. దురద, దద్దుర్లు బాగా ఉన్నవాళ్ళు కొందరు సిట్రజినే దీనికంటే గట్టిగా పట్టుకుందని అంటారు, నేనూ చూశాను. నాది ముక్కు బాధ కాబట్టి నాకా ఇబ్బంది రాలేదు.

బిలాస్టిన్, మిగతావి

బిలాస్టిన్ ఈ మధ్య డాక్టర్లు బాగా రాస్తున్నారు. స్పెయిన్‌లో తయారైన మందు, యూరప్‌లో 2010లో అనుమతి వచ్చింది. రోజుకి 20 మిల్లీగ్రాములు ఒకటి. ఇది కూడా మెదడులోకి దాదాపు పోదు, మగత విషయంలో ఫెక్సోఫెనడిన్ పక్కన కూర్చోబెట్టొచ్చు. మెలిక ఒక్కటే, పరగడుపున వేసుకోవాలి, తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. తిన్నాక వేసుకుంటే ఒంటికి పట్టేది మూడో వంతు దాకా తగ్గిపోతుంది. పళ్ళరసం సంగతీ అంతే. పొద్దున ఐదింటికి లేచి వాకింగ్‌కి వెళ్ళే మా బాబాయికి ఇది చక్కగా సరిపోయింది, లేవగానే వేసుకుని షూ కట్టుకుంటాడు. నేను లేచేది ఎనిమిదింటికి, తొమ్మిదికి ఇడ్లీ తింటూ లాగిన్ అవ్వాలి, నా వల్ల కాలేదు.

లోరాటడిన్ 10 మిల్లీగ్రాములు. అమెరికాలో ఉన్నవాళ్ళకి క్లారిటిన్ అంటే తెలుస్తుంది. నిద్ర తక్కువ, తిండి పట్టింపు లేదు, కాకపోతే పని మొదలుపెట్టడానికి ఒకటి నుంచి మూడు గంటలు తీసుకుంటుంది, కొంతమందికి మెతకగా అనిపిస్తుంది. ఒంట్లో ఇది మారి తయారయ్యేదే డెస్లోరాటడిన్, 5 మిల్లీగ్రాముల మాత్రగా విడిగా దొరుకుతుంది, రోజంతా నిలబడుతుంది. ఫెక్సోఫెనడిన్ పట్టింపులు భరించలేనివాళ్ళకి నేను చెప్పేది ఇదే.

ఎబాస్టిన్, రుపటడిన్ కూడా ఉన్నాయి. మంచివే, డాక్టర్ రాస్తే వాడండి, కానీ కొన్ని యాంటీబయాటిక్స్‌తో, ఫంగస్ మందులతో కలిస్తే వీటి మోతాదు రక్తంలో పెరుగుతుంది. అందుకని వేరే మాత్రలు నడుస్తున్నప్పుడు సొంతంగా మొదలుపెట్టే రకం కాదు.

మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రల గురించి కాస్త గట్టిగానే చెప్తాను. మాంటెలుకాస్ట్ యాంటీహిస్టమిన్ కాదు, అది వేరే దారిలో పనిచేస్తుంది, ఆస్తమా కూడా ఉన్నవాళ్ళకి దాని అవసరం ఉండొచ్చు. కానీ ఉత్త తుమ్ములకి షాపులో అడిగి కొనుక్కునే మందు కాదది. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020 మార్చిలో ఎఫ్‌డీఏ దాని మీద తన అతి తీవ్రమైన హెచ్చరిక వేయించింది, ముక్కు అలర్జీకైతే మిగతావి పనిచేయనప్పుడే వాడమంది. పిల్లాడు రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడంటే దిష్టి తీసేముందు ఈ మాత్ర నడుస్తోందేమో చూడండి.

అసలు ఇది అలర్జీయేనా

మాత్ర ఎంచుకోవడం కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది, కానీ ఎవరూ ముందు అడగరు కాబట్టి నేనూ ఇక్కడిదాకా ఆగాను. గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి వెళ్తే ఎవరికైనా తుమ్ములొస్తాయి, ఇంట్లో పోపు మాడితే ఇంటిల్లిపాదీ దగ్గుతారు. అది అలర్జీ కాదు, మిరప ఘాటు ముక్కులోని నరాల్ని నేరుగా మండించడం. హిస్టమిన్ మాత్ర దానికి పెద్దగా ఏమీ చేయదు. వైరస్ జలుబు కూడా అంతే. గొంతు నొప్పి, ఒళ్ళు వెచ్చబడటం, మూడోరోజుకి ముక్కునుంచి చిక్కగా రావడం ఉంటే అది జలుబు. ఈ కొత్తతరం మాత్రలు దానికి దాదాపు దండగ. పాత క్లోర్‌ఫెనిరమిన్ జలుబులో ముక్కుని ఎండగట్టేది హిస్టమిన్‌ని ఆపి కాదు, ఒంట్లోని తడినంతా ఎండగట్టే ఇంకో గుణం వల్ల. అందుకే నోరు కూడా పిడచకట్టుకుపోతుంది.

అలర్జీ అయితే లెక్క వేరుగా ఉంటుంది: జ్వరం ఉండదు, కళ్ళు దురద పెడతాయి, నీళ్ళలా కారుతుంది, పైగా దానికొక కాలమో చోటో ఉంటుంది. వానలయ్యాక ఖాళీ స్థలాల నిండా తెల్లపూలతో విరగబూసే వయ్యారిభామ పక్కన ఉంటే కొందరికి మొదలవుతుంది. విశాఖలో హుద్‌హుద్ తుపాను తర్వాత పెద్ద ఎత్తున నాటిన ఏడాకుల చెట్లు అక్టోబరు, నవంబరులో పూస్తే ఆ ఘాటు వాసనకి ఊపిరాడట్లేదని అక్కడివాళ్ళు ఏటా గోల పెడుతుంటారు, అందులో ఎంత అలర్జీ, ఎంత వాసన చిరాకు అన్నది మనిషిని బట్టి ఉంటుంది. సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు వచ్చేది మాత్రం అచ్చమైన డస్ట్ అలర్జీ. బూజుకర్ర పట్టుకోవడానికి ఒకటి రెండు గంటల ముందే మాత్ర వేసుకుంటే, తుమ్ములు మొదలయ్యాక వేసుకున్నదానికంటే చాలా బాగా పనిచేస్తుంది. హిస్టమిన్ వచ్చి కూర్చున్నాక దాన్ని లేపడం కంటే ముందే కుర్చీ ఆక్రమించడం తేలిక.

ముక్కు దిబ్బడ మీ అసలు బాధైతే పైన చెప్పిన ఏ మాత్రా మిమ్మల్ని పెద్దగా సంతోషపెట్టదు. మాత్రలు మార్చి మార్చి విసిగిపోయేవాళ్ళలో చాలామంది ఈ కోవలోవాళ్ళే. దానికి ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి ముక్కు స్ప్రేలు ఉన్నాయి. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడతారు గానీ అవి ముక్కులోనే పనిచేసే చిన్న మోతాదులు, డాక్టర్ చెప్పినట్టు రోజూ కొట్టుకుంటే మాత్రకంటే మెరుగ్గా పనిచేస్తాయి, మగత అసలే ఉండదు. ఓపిక కావాలి, పూర్తి ఫలితానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. రెండు నిమిషాల్లో ముక్కు తెరిచే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు వీటితో ఒకటి కావు. అవి మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే ముక్కు ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది, మళ్ళీ చుక్కలు, మళ్ళీ బిగుసుకోవడం. దిండు కింద ఆ సీసా లేకపోతే నిద్రపట్టని మనిషిని నేను ఎరుగుదును.

ఎవరు సొంతంగా ఎంచుకోకూడదు

పెద్ద వయసువాళ్ళు, ముఖ్యంగా ప్రోస్టేట్ సమస్య, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా ఉన్నవాళ్ళు పాతతరం మాత్రల జోలికి పోకూడదు. మూత్రం బిగుసుకుపోవడం, మతిమరుపు, రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడటం, ఇవన్నీ "చిన్న జలుబు మాత్ర" తెచ్చే పెద్ద కష్టాలు. నాన్నగారికి నిద్ర పట్టట్లేదని అవిల్ ఇచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, దయచేసి ఆపండి. క్లోర్‌ఫెనిరమిన్ ఒంట్లో సగం తగ్గడానికే పెద్దవాళ్ళకి 20 గంటల దాకా పట్టొచ్చు, రాత్రి వేసింది మర్నాడు సాయంత్రం దాకా తూగిస్తుంది.

కిడ్నీ జబ్బు ఉంటే సిట్రజిన్, లివోసిట్రజిన్, ఫెక్సోఫెనడిన్ మోతాదు తగ్గించాలి, కాలేయం బాగాలేకపోతే లోరాటడిన్‌ని తక్కువగా వాడాలి, ఎంతన్నది డాక్టరే చెప్పాలి. గర్భిణులకి లోరాటడిన్, సిట్రజిన్ మీద ఎక్కువ అనుభవం ఉంది, అయినా డాక్టర్‌ని అడిగాకే. పిల్లల సిరప్ విషయంలో ఇంకా జాగ్రత్త: క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందుని నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద రాయాల్సిందేనని 2023 డిసెంబరులో మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఇంట్లో మిగిలిన పాత సీసా మీద ఆ మాట ఉండకపోవచ్చు. ఇక సాయంత్రం పార్టీ ఉన్నవాళ్ళకి ఒక మాట, ఆ మందూ ఈ మందూ ఒకే రోజు వద్దు, సిట్రజిన్ అయితే అసలే వద్దు.

దద్దుర్లు తగ్గట్లేదని డోసు రెండింతలు, మూడింతలు మీరే పెంచేయకండి. మొండి దద్దుర్లకి చర్మం డాక్టర్లు నాలుగింతల దాకా పెంచే పద్ధతి ఉంది నిజమే, అది వాళ్ళు మనిషిని చూసి చేసే పని. పెదాలు, నాలుక వాచిపోయి, ఊపిరి అందక, కళ్ళు తిరుగుతుంటే మాత్రం మాత్ర గురించి ఆలోచించే సమయం కాదది. దానికి కావాల్సింది అడ్రినలిన్ ఇంజక్షన్, వెంటనే 108కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి సిట్రజిన్, లివోసిట్రజిన్, ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ చీటీ లేకుండా షెల్ఫ్ మీదే దొరుకుతాయి. పేరు చివర డి అక్షరం ఉన్నవాటిలో ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ కూడా ఉంటుంది, కౌంటర్‌లో ఐడీ చూపించి తీసుకోవాలి, నిద్ర రాదు సరికదా బీపీ ఉన్నవాళ్ళకి గుండె దడ తెస్తుంది. ఇండియానుంచి వచ్చిన అమ్మకో నాన్నకో అది ఇచ్చేముందు బీపీ సంగతి చూడండి.

మరి మీరేం చేయాలి అంటే, ఏ మాత్ర అయినా మొదటిసారి వేసుకునేది ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు వేసుకోండి, ఆఫీసుకెళ్ళే రోజు కాదు. రోజంతా బండో మెషీనో నడిపేవాళ్ళు ఫెక్సోఫెనడిన్‌తో మొదలుపెట్టండి. పొద్దున్నే లేచే అలవాటుంటే బిలాస్టిన్. రాత్రి ఒకటి వేసుకుని పడుకుంటే సరిపోయేవాళ్ళకి లివోసిట్రజిన్ చాలు, ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. వారం రెండు వారాలు సరిగ్గా వాడినా తేడా లేకపోతే మూడో మాత్ర వెతక్కుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి.

వెళ్ళేముందు ఒక్కటి. వాళ్ళు దేనివల్ల అలర్జీయో తెలుసుకోవడానికి చేతి మీద చుక్కలు పెట్టి సూదితో గుచ్చే టెస్టు చేస్తారు. యాంటీహిస్టమిన్ ఒంట్లో ఉంటే ఆ దద్దు పైకి లేవదు, టెస్టు అబద్ధం చెప్తుంది, అందుకని సుమారు వారం ముందే మాత్ర ఆపమంటారు. నాకు తెలీదు, టెస్టుకి పొద్దున్నే తుమ్ముతూ వెళ్తే బాగుండదని నీటుగా మాత్ర వేసుకుని వెళ్ళాను. వెనక్కి పంపేశారు. ఆ తర్వాతి వారం ఇంట్లో ఉన్న రుమాళ్ళన్నీ అయిపోయి, చివరికి పాత టవల్ ఒకటి మెడలో వేసుకుని తిరిగాను.